సినిమాలో నేను చింపిన పుస్తకం

అమ్మకు,

నీ కూతురు ఢిల్లేశ్వరి నమస్కరించి రాస్తున్నది. నేను ఇక్కడ ఒంట్లో బాగానే ఉన్నాను. ఆ విషయంలో నువ్వు బెంగ పెట్టుకోవద్దు. నీ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? చేపల గంప ఎత్తుకుని శ్రీకూర్మం దాకా నడవడం మానేశావని పెద్దమ్మ చెప్పింది. ఆటోలోనే వెళ్ళు. పెద్దమ్మ ఎలా ఉంది? సింహాచలం మావకి కంటి ఆపరేషను అయిందా? మేక ఈనిందా? అన్నీ రాయించు. నేను బాగున్నాను, మళ్ళీ చెప్తున్నాను, బాగున్నాను.

ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని అనుకుంటావు. ఫోనులో మనకి మాట సాగదు. నేను ఒకటి మొదలుపెడితే నువ్వు ఒకటి అంటావు, నాకు కోపం వస్తుంది, నీకు ఇంకా కోపం వస్తుంది, ఎవరో ఒకరం పెట్టేస్తాం. నా కూతురు పావని అయితే ఫోను ముట్టుకోనే ముట్టుకోదు. కాగితం మీద అయితే చివరిదాకా చెప్పొచ్చని రాస్తున్నాను. నీకు దీన్ని పావనే చదివి వినిపిస్తుందని తెలుసు. చదవనీ. దానికి వినపడకూడని సంగతి ఇందులో ఒక్కటీ లేదు.

ఇక్కడ వానలు ఇంకా వదల్లేదు. మన దగ్గర తుపాను వస్తే రెండు రోజులు కురిసి పోతుంది, ఇక్కడి వాన చుట్టంలా వచ్చి కూర్చుంటుంది. ఆరేసిన చీర మూడు రోజులకు గానీ ఆరదు. రొయ్యల షెడ్డులో పని నీకు తెలిసిందే. ఐసులో పోసిన రొయ్యలు ఒలవాలి, పొద్దుటి నుంచి నిలబడే. మొదట్లో వేళ్ళు తిమ్మిరెక్కి జడ వేసుకోవడానికి కూడా వంగేవి కావు. ఇప్పుడు అలవాటైంది. అన్నం లావుగా, ఎర్రగా ఉంటుంది. అది కూడా అలవాటైంది. వచ్చిన కొత్తలో హోటల్లో ఒకాయన "కప్ప కావాలా" అంటే నేను చెంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వచ్చేశాను. ఇక్కడ కర్రపెండలాన్ని కప్ప అంటారట. ఇప్పుడు రోజూ కప్పే తింటున్నాను, చేపల పులుసుతో బాగానే ఉంటుంది. మన ఎండు నెత్తళ్ళ చేపలు మాత్రం ఇక్కడ దొరకవు, దొరికినా ఆ రుచి రాదు. అవి కొంచెం కట్టి ఉంచు. ఎందుకో చివర చెప్తాను.

ఇక అసలు సంగతి. సినిమా గురించి ఊళ్ళో ఎవరెవరో ఏవేవో చెప్పి ఉంటారు. జరిగింది జరిగినట్టు నేను చెప్తాను, విను.

కిందటేడు వానల ముందు మా షెడ్డుకి ఒక అమ్మాయి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి, కళ్ళజోడు, భుజానికి సంచి. మేనేజరుతో మాట్లాడుతూ మా వరస పక్కన నిలబడింది. ఆ సమయానికి ఎవరో తొట్టి జార్చారు, ఐసునీళ్ళన్నీ నా కాళ్ళ మీద పడ్డాయి. "ఏటే ఇది, సూసుకోరా ఏటి!" అని అరిచాను. ఇక్కడ నా తిట్లు ఎవరికీ అర్థం కావు కాబట్టి గట్టిగానే తిడతాను. ఆ అమ్మాయి గబుక్కున ఇటు తిరిగింది.

"ఏ ఊరక్కా నీది?" అంది.

"శ్రీకాకుళం కాడ. నీదేటి?"

"శృంగవరపుకోట," అని నవ్వింది. "ఏటి అన్న మాట ఇని ఎన్నాళ్ళైందో!"

నాకైతే ఆ పూట కడుపు నిండిపోయిందమ్మా. ఆమె పేరు పద్మ. సినిమాల్లో డైరెక్టరుకి సాయంగా పనిచేస్తుంది. ఆ డైరెక్టరు కూడా ఆడమనిషే, పేరు షీబా, ఈ ఊరామె. పెద్ద హీరోల సినిమా కాదు. పాటలు, ఫైటింగులు ఏమీ లేవు. పదిమంది స్నేహితులు కలిసి సొంతంగా తీసుకునే చిన్న సినిమా. కథ ఏమిటంటే, మనలాంటి ఒక ఆడది ఇక్కడికి పనికి వస్తుంది, కూతుర్ని కూడా తెచ్చుకుంటుంది. ఇద్దరికీ ఈ భాష రాదు, ఈ ఊళ్ళో ఎవరికీ ఏమీ కాకుండా ఉంటారు. ఒకరికొకరు కూడా ఏమీ కాకుండా పోతారు. అమ్మ వేషానికి తెలుగు మాట్లాడే మనిషి కావాలి, పనిచేసి కాయలు కాసిన చేతులు ఉండాలి. పద్మ నా చేతులు చూసింది.

నేను వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజులు ఆలోచించాను. నా ఏడో తరగతి గుర్తొచ్చింది. బడి పండగ రోజున నేను రాజు వేషం కట్టాను, బొగ్గుతో మీసం పెట్టారు. నాటకం అవుతుండగానే నువ్వు గంప కిందపెట్టి స్టేజీ ఎక్కి నా జడ పట్టుకుని కిందకి లాగావు. ఇంటి దాకా అలాగే నడిపించావు. మీసం సగం చెరిగి చెంపంతా అంటుకుంది, దారి పొడుగునా పిల్లలు నవ్వారు. ఆ తర్వాత నన్ను ఎవరూ ఏ నాటకంలోకీ పిలవలేదు, నేను వెళ్ళలేదు. పావని తండ్రి పారాదీప్‌లో వేరే సంసారం పెట్టుకున్నాడని తెలిసిన రోజున కూడా నేను అంత ఏడవలేదమ్మా.

రెండో రోజు పద్మకి చెప్పాను, చేస్తానని.

పదిహేను రోజులు సెలవు అడిగితే మేనేజరు ఇవ్వనన్నాడు. వెళ్తే పేరు కొట్టేస్తానన్నాడు. కొట్టెయ్యమన్నాను. కొట్టేశాడు. కంగారు పడకు, ఇప్పుడు ఏరు దాటి అవతలి షెడ్డులో చేస్తున్నాను, అక్కడి వాళ్ళు మంచివాళ్ళే.

షూటింగు అంటే ఏదో అనుకుంటాం. ఒక్క మాట చెప్పడానికి పూటంతా నిలబెడతారు. నా కూతురుగా వేసిన పిల్ల పేరు రోజీ, పన్నెండేళ్ళది. కెమెరా లేనప్పుడు నా పక్కనే కూర్చుని బొమ్మలు గీసుకునేది. కథలో కూతురికి కూడా బొమ్మల పిచ్చే. అది మొదట విన్నప్పుడు నాకు మన పావనే గుర్తొచ్చింది. నేను వాళ్ళకి పావని సంగతి చెప్పనే లేదు, వాళ్ళే అలా రాసుకున్నారు.

నాలుగో రోజున షీబా ఒక సీను చెప్పింది. కూతురు బడి ఎగ్గొట్టి బొమ్మలు గీస్తోందని అమ్మకి తెలుస్తుంది. అమ్మ ఒక మూల కూర్చుని ఏడుస్తుంది. కూతురు వచ్చి కన్నీళ్ళు తుడుస్తుంది. పద్మ తెలుగులో చెప్తూ ఉంటే నాకు నవ్వొచ్చింది.

"ఏటక్కా నవ్వుతన్నావు?" అంది పద్మ.

"ఇది అమ్మ కాదు, క్యాలెండరు మీద బొమ్మ," అన్నాను. "పొద్దుగూకులూ ఐసులో నిల్చొని వచ్చినది ఏడుస్తాదేటి? కోపమొస్తాది. ఆ కోపం షెడ్డులో ఎవులి మీదా సూపించనేదు. ఇంటికొచ్చి కూతురు గుంట మీద సూపిస్తాది."

"ఏటి సేస్తాది మరి?" అని అడిగింది.

అప్పుడు చెప్పాను. ఎవరికీ చెప్పని సంగతి, నీకు కూడా సగమే తెలిసిన సంగతి, అక్కడ తడి గోడ పక్కన నిలబడి చెప్పేశాను.

అమ్మా, నేను ఇక్కడికి బయలుదేరే ముందు రోజు నువ్వు చేపలు పట్టుకుని వెళ్ళావు. ఇంట్లో నేనూ పావనీ ఉన్నాం. బడి నుంచి మాస్టారు కబురు పెట్టారు, పిల్ల పాఠాలు రాయడం లేదని. సంచి తీసి చూస్తే సైన్సు నోటు పుస్తకం నిండా బొమ్మలు. నీతో శ్రీకూర్మం వచ్చినప్పుడల్లా గుడి గోడల మీద బొమ్మలు చూసి వాటిని గీసుకుంది. తాబేళ్ళు గీసింది. మన పడవలు, మన మేక, గంప ఎత్తుకున్న నువ్వు. ఎంత బాగున్నావో అందులో. ఆఖరి పేజీలో నేను ఉన్నాను, చేతిలో పెట్టెతో. చీర అంచు కూడా గీసింది. ముఖం మాత్రం గీయలేదు. ఖాళీగా వదిలేసింది.

"నా మొకం ఏదే?" అన్నాను.

"నువ్వు ఎల్లిపోతన్నావు గదా. నాకు గురుతుండదు," అంది. తల ఎత్తకుండానే అంది.

ఆ పుస్తకం నిలువునా చింపేశాను. చింపిన ముక్కల్ని మళ్ళీ చింపాను. పావని అరవలేదు, ఏడవలేదు. చూస్తూ నిలబడింది. మర్నాడు నేను బస్సెక్కాను. రెండేళ్ళయింది, అది నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కిందటి వేసవిలో నాలుగు రోజులు వచ్చాను, ఆ నాలుగు రోజులూ పెద్దమ్మ ఇంట్లోనే పడుకుంది. దానికి పొగరని నువ్వన్నావు. పొగరు కాదమ్మా.

పద్మ నేను చెప్పినంత వరకూ షీబాకి చెప్పింది. ముఖం లేని బొమ్మ సంగతి మాత్రం నేను పద్మకి చెప్పలేదు. పుస్తకం చింపానని మాత్రమే చెప్పాను. ఆ బొమ్మ పావనిది. దాన్ని అడగకుండా ఎవరి సినిమాలోనూ పెట్టే హక్కు నాకు లేదు.

షీబా తన కాగితాల్లో ఆ సీను తీసి చూసుకుంది. తర్వాత పద్మతో ఏదో అంది. "అమ్మ పుస్తకం సింపేస్తే సూసేవాళ్ళకి నువ్వు నచ్చవు అంటంది అక్కా," అని పద్మ చెప్పింది.

"నచ్చకపోతే మానీ," అన్నాను. "నాను సేసిన పనిని నాను ఏడుపుతో కప్పను. సింపినది సింపినట్టే సూపించండి. నేదంటే ఈ యేషం ఇంకెవులికైనా ఇచ్చుకోండి."

పద్మ భయపడుతూనే ఆ మాట అటు చేర్చింది. షీబా కళ్ళజోడు తీసి తుడుచుకుని, సరే అంది.

ఆ సీను తీయడానికి ఒక పూట పట్టింది. రోజీ తను గీసిన బొమ్మల పుస్తకాలు మూడు తెచ్చింది, ఒకటి పోతే ఇంకొకటి ఉండాలని. మొదటిసారి చింపలేకపోయాను. పుస్తకం పట్టుకుని నిలబడిపోయాను. రెండోసారి చింపాను గానీ దొంగచాటుగా చింపినట్టు చింపాను, కాదన్నారు. అప్పుడు రోజీ నా దగ్గరికి వచ్చి వాళ్ళ భాషలో ఏదో అంది. "నా బొమ్మలే, నేను మళ్ళీ గీసుకుంటాను, మీరు చింపండి అంటోంది," అని పద్మ చెప్పింది. ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు, నా మీద. పిల్లల బొమ్మలు ఎన్ని చింపినా మళ్ళీ గీసుకుంటారని నేను కూడా అనుకున్నాను కదా. మూడో పుస్తకం చింపాను. నిజంగా చింపాను. రోజీ ముఖంలో నటన పోయింది. కళ్ళు పెద్దవి చేసుకుని వెనక్కి జరిగింది. కెమెరా ఆపేశాక నేను ఆ పిల్ల ముందు కూర్చుని రెండు చేతులూ చాపాను. అది కాసేపు చేతులు ఇవ్వలేదు. తర్వాత ఇచ్చింది.

ఆ మర్నాడే నువ్వు ఫోను చేశావు, గుర్తుందా? ఇక్కడ పడవల మీద పనిచేసే మన ఊరి వాళ్ళెవరో రేవులో షూటింగు చూసి ఊరికి చెప్పారు.

"ఏటే ఢిల్లీ, యేషాలేస్తన్నావట?" అన్నావు. "పనికని ఎల్లి ఇదేటి? ఊళ్ళో నా మొకం ఎక్కడ ఎట్టుకోను? ఎంటనే వచ్చీ."

"రానమ్మా. మొదలెట్టినది పూర్తి సేసే వస్తాను," అన్నాను. నువ్వు పెట్టేశావు. నెల రోజులు చెయ్యలేదు. నేను చేస్తే ఎత్తలేదు. అమ్మా, ఆ నెల రోజులూ నాకు అన్నం రుచి తెలియలేదు. అయినా మానలేదు. ఏడో తరగతిలో అయితే నాకు ఎదురు తిరగడం చేతకాలేదు. ఇప్పుడు ముప్ఫై అయిదేళ్ళు నాకు.

కిందటి ఆదివారం సినిమా చూపించారు. పెద్ద హాలు కాదు, పుస్తకాలు ఉండే ఒక భవనంలో మేడ మీద గది. మా షెడ్డు ఆడవాళ్ళు చాలామంది వచ్చారు, ఒరియా వాళ్ళు, తమిళం వాళ్ళు, అందరూ మంచి చీరలు కట్టుకుని. తెర మీద నన్ను నేను చూసుకుంటే సిగ్గేసింది. నా నడక అచ్చం నీ నడకమ్మా. ఇన్నాళ్ళూ నాకు తెలియదు. పుస్తకం చింపే చోటు వచ్చింది. నేను తల దించుకోకుండా చివరిదాకా చూశాను.

అయ్యాక మమ్మల్ని ముందుకి పిలిచారు. ఎవరైనా ఏమైనా అడగొచ్చన్నారు. ఒక పెద్దాయన లేచి, "మీకు నిజంగా కూతురు ఉందా? ఆమె ఈ సినిమా చూసిందా?" అని అడిగాడు. పద్మ నా చెవిలో చెప్పింది. మైకు నా చేతిలో పెట్టారు. నాకు మన మాటే వచ్చింది.

"ఉన్నాది బాబూ. సూడనేదు. నాతోటి మాటాడదు. ఈ సినిమాల నాను సేసినది నిజంగా సేసినాను. అది మాటాడకపోడం దాని ఇష్టం. ఎల్లి దాని ముందర నిలబడ్డం నా పని. ఎల్తాను."

పద్మ దాన్ని వాళ్ళ భాషలోకి మార్చి చెప్పింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాకు అదే నయమనిపించింది.

మర్నాడు నీకు ఫోను చేశాను. ఆ రోజు నువ్వు ఎత్తావు. అప్పుడు మనం మాట్లాడుకున్నది పావనికి తెలియదు. అందుకే మళ్ళీ రాస్తున్నాను, దానికి తెలియాలి.

"ఆ దినం నన్ను స్టేజీ మీంచి ఎందుకమ్మా లాగినావు?" అని అడిగాను. ఇరవై ఏళ్ళు దాటాక అడిగాను.

నువ్వు ఫోను పెట్టేస్తావనుకున్నాను. పెట్టలేదు. ఇలా అన్నావు: "రాజు మాటాడినదంతా ఎనక నిల్చొని సూసినాను. నువ్వు రాజునాగే మాటాడినావు. అందరూ నిన్నే సూస్తన్నారు. ఈ గుంట ఇక నా ఇంట్ల ఉండదు, ఎల్లిపోతాది అనిపించినాది. బయమేసినాది. కిందకి నాగీసినాను." ఆ తర్వాత, "బాగా సేసినావు ఆ దినం," అన్నావు.

అమ్మా, నువ్వు ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే బాగుండేది అని ఆ రోజంతా కోపంగానే తిరిగాను. కోపం ఇంకా కొంచెం ఉంది, దాచను. కానీ నువ్వు చెప్పావు. నువ్వు చెప్పావు కాబట్టి నేను కూడా చెప్పాల్సిన చోట చెప్పాలి.

పావనీ, నీకు రాస్తున్నాను. నీ పుస్తకం చింపడం తప్పు. కోపంలో చేశాననీ, నీ మంచికే చేశాననీ చెప్పను. నా ముఖం నువ్వు గీయకపోతే నేను తట్టుకోలేకపోయాను, అంతే. నువ్వు అన్నది నిజమే, నేను వెళ్ళిపోతూనే ఉన్నాను. ఒక తల్లి కూతురికి తప్పు చేశానని రాయడం మన ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. ఇప్పుడు రాస్తున్నాను. చదివాక ఏమనుకుంటావో నీ ఇష్టం.

దసరా సెలవులకి వస్తున్నాను. విజయనగరంలో రైలు దిగి బస్సులో వస్తాను. ఆ సినిమా నా దగ్గర ఉంటుంది. పద్మ తన చిన్న కంప్యూటరు ఇస్తానంది. ఊళ్ళో ఎవరికంటే ముందు నువ్వు చూడాలి, ఒక్కదానివే. శ్రీకాకుళంలో ఆ సినిమా చూపించాలని షీబాకి ఉంది. పావని చూసి సరేనంటేనే వెయ్యాలి, వద్దంటే మన జిల్లాలో ఎక్కడా వెయ్యకూడదు అని చెప్పాను. ఆమె మాట ఇచ్చింది. నువ్వు వద్దన్నావని నేను ఒక్క మాట కూడా అనను. చూడనే చూడనంటే అలాగే మూసి తీసుకుపోతాను.

అమ్మా, నువ్వు దాన్ని బలవంతం చేయకు. "అమ్మొచ్చినాది, మాటాడవే" అని జుట్టు పట్టుకుని తేవద్దు. నేను ఎనిమిది రోజులు ఉంటాను. అది పెద్దమ్మ ఇంట్లో ఉంటే రోజూ పొద్దున్నే పెద్దమ్మ గుమ్మం దగ్గరికి వెళ్ళి కూర్చుంటాను. ఈసారి మాట్లాడకపోతే సంక్రాంతి పోయాక వస్తాను, వేసవికి వస్తాను. పదో తరగతి అక్కడే చదవనీ, మధ్యలో తెచ్చి ఇక్కడ తెలియని భాషలో పడెయ్యను. తర్వాత సంగతి దాని నోటి నుంచే వినాలి. పాఠాల పుస్తకాలు వేరు, బొమ్మల పుస్తకాలు వేరుగా కొనిపెట్టు. బొమ్మలవి నువ్వు తెరిచి చూడకు, అది చూపిస్తే చూడు.

నా గురించి కూడా చెప్పేస్తాను. ఇంకొకరు చిన్న వేషానికి అడిగారు, ఒప్పుకున్నాను. రొయ్యల పని మానను, వేషాలూ మానను. ఊళ్ళో ఎవరైనా అడిగితే దాచకుండా చెప్పు, మా ఢిల్లి సినిమాలో చేస్తోందని. నోరు రాకపోతే ఊరుకో, వచ్చాక నేనే చెప్తాను.

నెత్తళ్ళు మాత్రం మర్చిపోకు. పద్మకి రెండు గుప్పెళ్ళు ఇస్తానని మాట ఇచ్చాను. చింతపండు కూడా కొంచెం. పెద్దమ్మకి, సింహాచలం మావకి నా దండాలు చెప్పు. మందులు మానకు. గొడుగు లేకుండా వానలో తిరగకు.

అమ్మా, నీ కాళ్ళకి మొక్కుతున్నాను. ఈ ఉత్తరంలో నేను అనుమతి ఎక్కడా అడగలేదు, గమనించే ఉంటావు. దీవెన మాత్రం అడుగుతున్నాను. అది ఇవ్వు.

నీ కూతురు, పావని తల్లి,
ఢిల్లేశ్వరి